"సదరు మోడల్" అంటే ఏ మోడల్? వైర్‌లెస్ ఎంఎల్ (మెషీన్ లెర్నింగ్) పేటెంట్లలో క్లెయిమ్ భాషతో మీ అనుభవాలు చెప్పండి

బీమ్_64
అందరికీ నమస్కారం. మా పేటెంట్ అప్లికేషన్‌కి నిన్న ఎఫ్ఈఆర్ (పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ ఇచ్చే మొదటి పరీక్షా నివేదిక) వచ్చింది, చదివినప్పట్నుంచీ ఒకటే టెన్షన్. మిల్లీమీటర్ వేవ్ (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో)లో బేస్ స్టేషన్ 64 బీమ్‌ల వరకు, అంటే ఒక్కో దిక్కుకి గురిపెట్టిన రేడియో కిరణాల వరకు, తిప్పొచ్చు కదా, ఫోన్ అన్నిటినీ కొలుస్తూ కూర్చుంటే టైమూ పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది. అందుకని మేం 16 బీమ్‌లే కొలిచి మొత్తం 64లో ఏది బాగుంటుందో న్యూరల్ నెట్‌వర్క్‌తో అంచనా వేస్తాం. ఆ 16 ఏవి ఉండాలన్నది కూడా ఇంకో చిన్న నెట్‌వర్క్ ప్రతిసారీ మారుస్తుంటుంది, మా కొత్తదనమంతా అందులోనే ఉంది.

క్లెయిమ్ అంటే పేటెంట్ హద్దు ఎంతవరకో చెప్పే వాక్యం కదా, మా క్లెయిమ్ 1ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "సిగ్నల్ కొలతలను ట్రెయిన్ చేసిన మెషీన్ లెర్నింగ్ మోడల్‌కు ఇచ్చి, అత్యుత్తమ బీమ్‌ను గుర్తించి, సదరు మోడల్‌ను రియల్ టైమ్‌లో అప్‌డేట్ చేసే పద్ధతి." రాసినప్పుడు చాలా బాగుందనుకున్నాం. ఇప్పుడేమో క్లెయిమ్ స్పష్టంగా ఉండాలనే పేటెంట్ చట్టం సెక్షన్ 10(5) కింద, "అత్యుత్తమ" దేనితో పోలిస్తే అని ఒక ప్రశ్న, సదరు మోడల్ రెండింటిలో ఏది అని ఇంకో ప్రశ్న. వీటితోపాటు, వట్టి అల్గారిథమ్‌కీ కంప్యూటర్ ప్రోగ్రామ్‌కీ పేటెంట్ రాదనే సెక్షన్ 3(k) కూడా పెట్టారు. ఇలాంటివి ఎవరైనా దాటి వచ్చారా?

చెన్నై_ఏజెంట్
బీమ్ గారూ, ముందు కంగారు పడకండి. ఎఫ్ఈఆర్ తేదీ నుంచి 6 నెలలు టైముంది, కావాలంటే ఇంకో 3 నెలలు పొడిగింపు అడగొచ్చు. ఏపీ, తెలంగాణ అప్లికేషన్లు మా చెన్నై ఆఫీసు పరిధిలోకే వస్తాయి కాబట్టి ఇలాంటివి తరచూ చూస్తుంటాను. అత్యుత్తమ, తగినంత, సమర్థంగా లాంటి మాటలు క్లెయిమ్‌లో కనబడితే అభ్యంతరం వస్తుందనే అనుకోవాలి. అది ఎగ్జామినర్ చాదస్తం కాదండీ. ఆ మాటకు కొలత లేకపోతే రేపు పక్కవాడు తను చేస్తున్నది మీ హద్దులోకి వస్తుందో రాదో ఎలా తెలుసుకుంటాడు?

అసలు భయపడాల్సింది సెక్షన్ 59 గురించి. క్లెయిమ్ సవరించొచ్చు గానీ, మొదట ఫైల్ చేసిన స్పెసిఫికేషన్‌లో (ఆవిష్కరణ పూర్తి వివరణలో) లేనిది ఇప్పుడు తెచ్చి పెట్టలేరు, పాత క్లెయిమ్ హద్దు దాటి వెళ్ళనూ లేరు. అందుకే అడుగుతున్నా, రెండు నెట్‌వర్క్‌లకీ ఇన్‌పుట్ ఏమిటి, అవుట్‌పుట్ ఏమిటి అన్నది మీ స్పెసిఫికేషన్‌లో ఎక్కడైనా విడిగా రాశారా? రాసుంటే సగం గండం గట్టెక్కినట్టే.

మ్యూనిక్_తెలుగు
యూరప్ సంగతి నేను చెప్తాను, ఆరేళ్ళుగా ఇక్కడే ఈ పని. ఇక్కడ యూరోపియన్ పేటెంట్ ఒప్పందంలో ఆర్టికల్ 84 ఉంది, క్లెయిమ్ స్పష్టంగా ఉండాలంటుంది. పేటెంట్ ఇచ్చాక అస్పష్టత ఒక్కటే చూపించి ఆపోజిషన్ (పేటెంట్ రద్దు కోరే అభ్యంతరం) వేయడం కుదరదు, 2015లో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు విస్తృత అప్పీళ్ళ బోర్డు ఇచ్చిన జి 3/14 నిర్ణయం కూడా ఆ దారిని దాదాపు మూసేసింది. కాబట్టి ఎగ్జామినర్లు ఇచ్చే ముందే గట్టిగా పట్టుకుంటారు. ఇంకో విషయం, "న్యూరల్ నెట్‌వర్క్" అన్నంత మాత్రాన అదొక సాంకేతిక సాధనం అనుకోరు, సందర్భాన్ని బట్టి అది వట్టి గణిత మోడలే కావచ్చని గైడ్‌లైన్స్‌లోనే ఉంది.

ట్రెయినింగ్ డేటా గురించి ఒక మాట. ఇక్కడి అప్పీళ్ళ బోర్డు ముందుకొచ్చిన టి 161/18 అని 2020 నాటి కేసు. అది వైర్‌లెస్ కాదు, రక్తపోటు వక్రరేఖ నుంచి న్యూరల్ నెట్‌వర్క్‌తో గుండెకు సంబంధించిన లెక్క తీయడం. వేర్వేరు వయసు, ఒడ్డూపొడుగూ ఉన్న రకరకాల రోగుల డేటా వాడాలి అని రాసి వదిలేశారు, ఏ డేటాతో ఎలా ట్రెయిన్ చేయాలో చెప్పలేదు. బోర్డు అది చాలదంది. మీది చదివినప్పుడు నాకు మొదట తట్టింది ఆ కేసే. ఏ కొలతలతో ట్రెయిన్ చేశారు, లేబుల్ (మోడల్ నేర్చుకోవాల్సిన సరైన జవాబు) ఏమిటి? "ట్రెయిన్ చేసిన" అన్న ఒక్క మాట మీదే భారమంతా పెట్టేశారు.

డల్లాస్_ఆర్ఎఫ్
నాది అమెరికా అనుభవం. ఇక్కడ 2014లో నాటిలస్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన పరీక్ష ఏంటంటే, ఆ రంగం తెలిసినవాడికి క్లెయిమ్ హద్దు సహేతుకమైన నిశ్చయంతో తెలియాలి. అంతకుముందు పద్ధతి చాలా వదులుగా ఉండేది. నాకు దెబ్బ తగిలింది మాత్రం వేరే మాట మీద. "ట్రెయినింగ్ మాడ్యూల్" అని రాశాను. 2015 విలియమ్సన్ తీర్పు తర్వాత మాడ్యూల్ లాంటి ఉత్తి మాట రాస్తే, అది చేసే పనిని మాత్రమే చెప్పినట్టు లెక్కగట్టి, ఆ పని చేసే అల్గారిథమ్ స్పెసిఫికేషన్‌లో ఎక్కడుందో చూపించమంటారు. మా దాంట్లో ఒక డబ్బా బొమ్మ, దాని మీద పేరు, అంతే. ఆ రెండు క్లెయిమ్‌లూ వదులుకోవాల్సి వచ్చింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీరు "రియల్ టైమ్‌లో అప్‌డేట్" అన్నది బలం అనుకుంటున్నారేమో. 2025 ఏప్రిల్‌లో రిసెంటివ్ కేసు తీర్పు ఒకసారి చదవండి. మామూలు మెషీన్ లెర్నింగ్‌ని కొత్త రంగంలో వాడినంత మాత్రాన పేటెంట్ అర్హత రాదన్నారు, మోడల్ మళ్ళీ మళ్ళీ ట్రెయిన్ అవడం ఎంఎల్ స్వభావమే అన్నారు. ఆ ముక్క మీకు అర్హత తెచ్చిపెట్టదు, పైగా అస్పష్టత పెంచుతుంది.

రిలీజ్18
నేను ఎక్కువగా వేరేవాళ్ళ పేటెంట్లు చదివి, స్టాండర్డ్‌కి సరిపోతాయా లేదా అని చూసే మనిషిని. పోయిన నెల ఒక క్లెయిమ్‌తో మూడు సాయంత్రాలు పోయాయి. సీఎస్ఐ (రేడియో ఛానెల్ ఎలా ఉందో చెప్పే సమాచారం) ఫీడ్‌బ్యాక్ మీద అది. ఫోన్‌లో ఎన్‌కోడర్ ఛానెల్ సమాచారాన్ని కుదించి పంపుతుంది, బేస్ స్టేషన్‌లో డీకోడర్ విప్పుతుంది. క్లెయిమ్‌లో మొదటి లైనులో "ఒక మోడల్", మూడో లైనులో "ఆ మోడల్‌ను అందుకొని". అందుకునేది ఎవరు? ఫోన్ అయితే ఎన్‌కోడర్, బేస్ స్టేషన్ అయితే డీకోడర్. ఒక్కో రకంగా చదివితే ఉల్లంఘించేది ఒక్కో కంపెనీ! రెండూ కలిసి చేయాలి అని చదివితే, ఫోన్ చేసేవాడొకడు, బేస్ స్టేషన్ చేసేవాడింకొకడు, ఎవరి మీదా సూటిగా కేసు నిలబడదు.

మొబైల్ స్టాండర్డ్‌లు రాసే 3జీపీపీ సంస్థ రిలీజ్ 18లో టీఆర్ 38.843 అనే రిపోర్టు ఉంది. సీఎస్ఐ, బీమ్, పొజిషనింగ్ మూడింటి మీదా చేసిన అధ్యయనం. ఒకవైపు మోడల్ (ఫోన్‌లోనో బేస్ స్టేషన్‌లోనో ఒక్కచోటే నడిచేది), రెండువైపుల మోడల్ (రెండుచోట్లా కలిసి నడిచేది), ఇన్‌ఫరెన్స్ (ట్రెయిన్ అయిన మోడల్‌తో అంచనా వేయడం) లాంటి మాటలకు అందులో అర్థాలు రాసి పెట్టారు. కొత్తగా రాసేవాళ్ళు ఆ మాటలే వాడితే చదివేవాళ్ళకి ఎంతో మేలు. అంతకుముందు ఫైల్ చేసినవాటిలో ఎవరి భాష వారిదే.

బీమ్_64
రిలీజ్ గారూ, మీ ఎన్‌కోడర్ కథ చదివాక మాదెందుకు బాలేదో అర్థమైంది. రాత్రి కూర్చుని తిరగరాశాను. ఇన్‌పుట్, అవుట్‌పుట్ పట్టిక మా స్పెసిఫికేషన్ 14వ పేజీలో ఉంది, అదృష్టం. ట్రెయినింగ్‌కి 64 బీమ్‌లూ కొలిచి, ఎక్కువ బలమున్న దాన్ని లేబుల్‌గా తీసుకున్నామని కూడా అక్కడే ఉంది.

"బేస్ స్టేషన్‌లో: మొదటి న్యూరల్ నెట్‌వర్క్ గత అంచనాను తీసుకొని 64 బీమ్‌లలో 16ను ఎంచుట, ఆ 16 బీమ్‌లను మాత్రమే ప్రసారం చేసి, ఫోన్ పంపిన సిగ్నల్ బలం కొలతలను అందుకొనుట, రెండో న్యూరల్ నెట్‌వర్క్ ఆ కొలతలను తీసుకొని 64 బీమ్‌లలో ప్రతిదానికీ అంచనా బలం ఇచ్చుట, అంచనా బలం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న బీమ్‌తో ఫోన్‌కు డేటా పంపుట."

అప్‌డేట్ ముక్క తీసేశాను.

చెన్నై_ఏజెంట్
ఇది చాలా నయం. ఎవరు చేస్తున్నారో, ఏ నెట్‌వర్కో ఇప్పుడు తికమక లేదు. చివర్లో డేటా పంపుట అని పెట్టడం 3(k)కి కూడా పనికొస్తుంది, 16 బీమ్‌లే ప్రసారం చేయడం వల్ల ఎంత రేడియో టైము మిగిలిందో జవాబులో మీ కొలతలతో చూపించండి. కానీ అప్‌డేట్ ముక్క తీసేస్తే ఆ వైపు హద్దు పెరిగినట్టవుతుంది, 59 అడ్డం వస్తుంది. తీసేయకుండా "రెండో న్యూరల్ నెట్‌వర్క్‌ను" అని పేరు పెట్టి, ఎప్పుడు అప్‌డేట్ చేస్తారో రాయండి. ఎన్ని కొలతలకోసారో మీ పట్టికలో ఉందా?

బీమ్_64
ఉందండీ. ప్రతి 200 కొలతలకోసారి. 15వ పేజీ, రెండో పేరా.

చెన్నై_ఏజెంట్
అయితే "రియల్ టైమ్" కొట్టేసి అదే రాయండి. ఫైల్ చేసే ముందు ఒకసారి ఇక్కడ పెట్టండి, చూస్తాను.