స్వచ్ఛంద సంస్థలకూ హస్తకళాకారులకూ ఏఐ శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

మేము తిరుపతిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థను నడుపుతున్నాము. పనిచేసేది ఆరుగురం. మా దగ్గరికి వచ్చేవారిలో శ్రీకాళహస్తి కలంకారీ వేసే మహిళలు, మాధవమాలలో చెక్క శిల్పాలు చెక్కే యువకులు, వీధి నాటకాలాడే కుటుంబాల పిల్లలు ఉన్నారు. చేతిలో విద్య ఉన్నా దాన్ని నలుగురి ముందు పెట్టుకునే దారి దొరకనివారు. వీరికీ మా కార్యకర్తలకూ కలిపి ఏఐ వాడకంలో శిక్షణ ఇప్పించాలని మా ఆలోచన.

నిరుడు ఒక రోజు శిక్షణ ఏర్పాటు చేశాము. వచ్చినాయన విషయం బాగా తెలిసినవారే, కానీ తెర మీద కనిపించినదంతా ఇంగ్లీషు; వచ్చిన ఇరవై మందిలో ల్యాప్‌టాప్ ఉన్నది ముగ్గురికి. మధ్యాహ్నం ఆయన ‘కలంకారీ చీర’ అని టైపు చేసి, చూస్తుండగానే ఒక బొమ్మను పుట్టించారు. ముప్ఫై ఏళ్లుగా కలం పట్టిన ఒక పెద్దావిడ ఆ బొమ్మను చూసి, రంగు అంటిన తన వేళ్లను కొంగులో దాచుకున్నారు. సాయంత్రం దాకా ఆమె మళ్లీ నోరు విప్పలేదు. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

ఈసారి అలా జరగకూడదు. ఏది ముందు నేర్పాలి, ఏది అసలు నేర్పకుండా వదిలేయాలి, సంస్థల వారినీ కళాకారులనూ ఒకేచోట కూర్చోబెట్టడం సరైనదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (శ్రీకాళహస్తి నుంచి)

అమ్మా, మాది కలంకారీ కుటుంబం. బొమ్మలు పుట్టించే పనితో శిక్షణ మొదలుపెట్టవద్దని ముందుగా మనవి చేస్తున్నాను. ఏఐ పుట్టించే ‘కలంకారీ’ చాలాసార్లు పెడన వైపు అచ్చుల అద్దకంలా ఉంటుంది, ఒకే పువ్వు ఒకే కొలతలో వరుసగా దిగుతుంది. మా దగ్గర గీత చేత్తో గీసినది, ఏ రెండు పువ్వులూ ఒకటి కావు. పైగా, మాకు చేతకానిది బొమ్మ గీయడం కాదు. గీసినదాన్ని కొనేవారికి వివరించడం, ధర కట్టడం, ఇంగ్లీషులో వచ్చిన ఆర్డరుకు జవాబు రాయడం: మేము వెనకబడింది అక్కడ.

మా అమ్మ అనుభవం చెబుతాను. ఆమె ఫోను ముందు కూర్చుని, బట్టను కరక్కాయ పాలలో ఎలా నానబెడతారో, ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టి నలుపుకు వాడే కసిమి ఎలా తీస్తారో తెలుగులోనే చెప్పారు. ఫోను ‘కసిమి’ని ‘కసి’గా రాసుకుంది. ఆ మీదట, ఒక చీరకు ఇంగ్లీషులో వివరణ రాయమంటే, నలుపు రంగు బొగ్గుతో తయారవుతుందని తేల్చింది! అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను తెలుగులోకి మార్చి చదివి వినిపించగానే ‘బొగ్గెక్కడిదే? కరక్కాయ ఒగరుకు ఇనుము తగిలితేగదా నలుపు నిలిచేది’ అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ పనిలో గురువు ఎవరో తేలిపోయింది. తప్పు పట్టగలిగేది కళ తెలిసినవారే కాబట్టి, మీ శిక్షణలో మొదటి గంట ఇదే చేయించండి. ఎవరి పని గురించి వారే చెప్పాలి, యంత్రం రాసినదాన్ని తెలుగులో వినాలి, తప్పులు వారే ఏరాలి. ఆ పెద్దావిడను తప్పకుండా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి.

రెండో పని, మాటల పట్టిక. కసిమి, పటిక, మంజిష్ట, నీలిమందు వంటి యాభై మాటలను అర్థాలతో రాసి ఫోనులో దాచుకుని, ఏది అడిగినా ముందు దాన్ని అతికించి అడగాలి. మా ఇంట్లో అలా చేశాక తప్పులు బాగా తగ్గాయి.

ఇంకా అమ్మకానికి పెట్టని కొత్త డిజైన్ల ఫోటోలను మాత్రం ఎక్కించవద్దని గట్టిగా చెప్పండి. చాట్‌జీపీటీ సెట్టింగుల్లో, మన సంభాషణలను ఆ కంపెనీ తన ఏఐకి నేర్పడానికి వాడుకోకుండా ఆపే మీట ఒకటి ఉంటుంది. దాన్ని ప్రతి ఫోనులో మీ ఎదుటే నొక్కించండి.

జవాబు (చిత్తూరు నుంచి, పిల్లల సంరక్షణ సంస్థ)

పై వారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, సంస్థల వైపు నుంచి ఒక హెచ్చరిక చేయదలచాను. మా కార్యకర్త ఒకరు పిల్లల కేసు వివరాలను, పేర్లూ ఊర్లూ సహా, యథాతథంగా ఏఐలో పెట్టి నివేదిక రాయించారు. ఆమెకు చెడు ఉద్దేశం ఏమీ లేదు, పని భారం అంతగా ఉంది. కానీ 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ అటువంటి పిల్లల గుర్తింపు బయటపడకూడదంటుంది; 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లు నిండని వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. అందుకే ఇప్పుడు మా దగ్గర పేరుకు బదులు ‘పాప-1’, ఊరికి బదులు ‘గ్రామం-అ’ అని రాసి, అసలు పేర్లను కాగితం మీద విడిగా బీరువాలో పెడుతున్నాము.

ఆ నివేదికలోనే ‘హాజరులో నలభై శాతం మెరుగుదల’ అనే వాక్యం కూడా వచ్చి చేరింది, మేము ఆ లెక్క ఎక్కడా ఇవ్వలేదు. దాత చేతికి వెళ్లే ముందు రాత్రి మా లెక్కల పుస్తకంతో పోల్చి చూడబట్టి బయటపడింది. ప్రతి అంకె పక్కన అది ఏ పుస్తకంలో, ఏ పుటలో ఉందో రాసిన తరువాతే సంతకం చేయడం నేర్పండి. ఉత్తరాల చిత్తుప్రతులు, సమావేశపు మినిట్స్, దాతల ఇంగ్లీషు దరఖాస్తులను తెలుగులో అర్థం చేసుకోవడం వంటి పనుల్లో మాత్రం మాకు వారానికి ఒక రోజైనా మిగులుతోంది, అది చిన్న మేలు కాదు.

జవాబు (కుప్పం వైపు నుంచి)

వీధి నాటకం పిల్లల గురించి రెండు మాటలు. మన జిల్లాల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి నాటకం ఉంటాయి కాబట్టి ఆ కాలంలో శిక్షణ పెడితే ఎవరూ రారు. పాటల్ని ఫోనుతో అక్షరాల్లోకి మార్చబోతే రాగం తీసినచోట మాట విరిగిపోతుంది; పెద్దవారితో మామూలుగా మాటల్లా చెప్పించి రికార్డు చేయండి, అప్పుడు చాలావరకు సరిగా పడుతుంది. ఆ రికార్డు ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఆడినవారే. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకునికి ప్రత్యేక హక్కు ఇస్తుందని వారికి మొదటి రోజే చెప్పండి, గొంతులను కూడా యంత్రాలు అనుకరించే ఈ కాలంలో అది తెలిసి ఉండటం అవసరం.

ప్రశ్న వేసినవారి మాట

అందరికీ నమస్కారాలు. తెర, స్లైడ్లు తీసేస్తున్నాము. తొలి ఆదివారం కళాకారులు శ్రీకాళహస్తిలోనే, రెండో ఆదివారం కార్యకర్తలు తిరుపతిలో, మూడోసారి అందరూ కలిసి, ఇద్దరికి ఒక ఫోను చొప్పున కూర్చుంటారు. నిన్న ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి, ఫోను తప్పులు దిద్దడానికి మీరు కావాలని అడిగాను. వస్తానన్నారు, కసిమి కుండ కూడా వెంట తెస్తానన్నారు. చెక్క శిల్పాల మాటలకు పట్టిక ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరా? మాధవమాల కుర్రవాళ్లు తమ ఉలుల పేర్లతో మొదలుపెట్టారు, ఇప్పటికి పదకొండు వచ్చాయి.