పండరంగని తరువోజలో సామంతుల గుంపు: ఈ మూడు గడుల మాట ఏది?

కావలి సభ్యురాలు:

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఉదయం దినపత్రికలో వచ్చిన గళ్ళనుడికట్టును మేమిద్దరం కూర్చుని దాదాపు పూర్తి చేశాం కానీ, ఒక నిలువు ఆధారం దగ్గర మాట కుదరక ఆగిపోయాం. ఆధారం ఇది: ‘పండరంగని తరువోజలో సామంతుల గుంపు (3)’. మొదటి గడి ‘ప’ అని అడ్డం మాట వల్ల తేలింది. మధ్య గడిని ఏ అడ్డం మాటా తాకడం లేదు. మూడో గడి మాత్రం ‘నెల్లూరుకు ఉత్తరాన కాపలా (3)’ అన్న అడ్డం ఆధారానికి నడిమి అక్షరం. అది మా ఊరే అని నేను ‘కావలి’ నింపాను. మావారు నిలువు జవాబు ‘పదవి’ అనీ, సామంతుడికి రాజు ఇచ్చేది పదవే గదా అనీ పట్టుబట్టి, ‘వ’ను ‘వి’గా దిద్దమంటున్నారు. రేపటి పత్రికలో జవాబు ఎలాగూ వస్తుంది గనుక, అది ఎందుకు జవాబు అయిందో పెద్దలు వివరిస్తే మేలు. ‘బంతి చేరిన ఊరు (4)’ అన్నది కూడా మిగిలిపోయింది. దాని చివరి గడి ‘రు’.

ఒంగోలు సభ్యుడు:

అమ్మా, మీరు ఆధారాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి, గడుల లెక్కనూ తేలిన అక్షరాలనూ ఇచ్చారు గనుక సాయం చేయడం తేలికైంది. చాలామంది ‘సామంతుల గుంపును ఏమంటారు’ అని మాత్రమే అడిగి ఊరుకుంటారు; అప్పుడు వచ్చే జవాబుల్లో సగం గడుల్లో ఇమడవు.

మీ జవాబు ‘పదువ’. ఆధారంలో చెప్పిన తరువోజ అనే దేశి పద్యం అద్దంకి శాసనంలోది. సామాన్య శకం 848 ప్రాంతంలో, తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాపతి పండరంగడు వేయించిన ఆ శాసనం, తెలుగు పద్యం కనిపించే తొలి శాసనాల్లో ఒకటిగా మనకు పాఠాల్లో పరిచయమైనదే. అందులో రెండో పాదం ఉత్తరార్ధం ‘బంచిన సామంత పదువతో బోయ’ అని ఉంటుంది. ‘బోయ’ అన్నది తరువాతి పాదంలోని ‘కొట్టముల్’తో కలుస్తుంది. అంటే, ప్రభువు పంపిన సామంతుల దండుతో పండరంగడు వెళ్ళి, బోయల స్థావరాలైన పన్నెండు బోయకొట్టాలను పట్టుకున్నాడని భావం. పదువ అంటే గుంపు, దండు.

మీవారి ఊహను తోసిపుచ్చే ముందు ఒక్క మాట చెప్పాలి. ‘ప్రభువు ఇచ్చిన సామంత పదవితో వెళ్ళాడు’ అని చదివినా వాక్యం నడుస్తుంది. ఛందస్సు కూడా అడ్డు చెప్పదు. తరువోజలో ఒక్కో పాదం రెండు ద్విపద పాదాలంత ఉంటుంది, అంటే మూడు ఇంద్రగణాలూ ఒక సూర్యగణమూ రెండుసార్లు వస్తాయి. ఈ ఉత్తరార్ధాన్ని విడదీస్తే బంచిన (భ), సామంత (త), పదువతో (నగ), బోయ (హ) అవుతుంది. ‘పదవితో’ అని పెట్టినా మూడు లఘువులూ ఒక గురువే, కాబట్టి అదీ నగమే. పాదంలో ఒకటి, మూడు, అయిదు, ఏడు గణాల మొదటి అక్షరాలకు యతి కుదరాలి; ఇక్కడ అవి పట్టంబు, ప్రభు, పంచిన (సంధి వల్ల ‘బంచిన’ అయింది), పదువ. కనుక యతి వల్ల మొదటి అక్షరం పక్కాగా ‘ప’ అని తేలుతుంది కానీ, తరువాతి రెండు అక్షరాల విషయంలో ఛందస్సు మౌనంగానే ఉంటుంది.

తేల్చేవి రెండు. ఆధారంలో ‘గుంపు’ అని స్పష్టంగా ఉంది, పదవికి ఆ అర్థం లేదు. రెండోది మీ ఊరు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన తొలి పజిల్‌లో గడికి ఒక్క ఇంగ్లిషు అక్షరమే పట్టింది. మన గడిలో గుణింతమూ ఒత్తూ కలిసిన అక్షరం మొత్తం కూర్చుంటుంది. అందువల్ల మనకు అడ్డం మాట ఇచ్చే సాక్ష్యం బరువైనది. ‘వ’ వచ్చిన చోట ‘వి’ చెల్లదు, దీర్ఘం కూడా చెల్లదు. ‘కావలి’ ఆధారంలో ఊరూ కాపలా రెండూ ఒకే మాటలో కుదిరాయి గనుక దాన్ని కదిలించడానికి వీలు లేదు, కదలవలసింది పదవే.

నెల్లూరు సభ్యుడు:

ఒంగోలు వారి వివరణతో ఏకీభవిస్తూనే చిన్న సందేహం. ఈ మాటకు ప్రథమావిభక్తి రూపం ‘పదువు’ కావచ్చు గదా? అలాగైతే మూడో గడిలో ‘వు’ రావాలి, కావలి మళ్ళీ చెడుతుంది.

నాలుగు గడుల ఊరు కందుకూరు. కందుకం అంటే బంతి. ‘కందుక’కు ‘ఊరు’ చేరితే అత్వసంధితో కందుకూరు అవుతుంది. ఊరు తెలుగు మాట కాబట్టి గుణసంధి చేసి ‘కందుకోరు’ అనే ప్రమాదం లేదు. ఇది గళ్ళ కోసం చేసిన చమత్కారమే తప్ప ఊరి పేరుకు వ్యుత్పత్తి కాదని, స్థలచరిత్రలు రాసేవారి దృష్టికి ముందే తెస్తున్నాను.

ఒంగోలు సభ్యుడు:

అయ్యా, మీ సందేహం సబబైనదే. నిఘంటువులో వెతికేటప్పుడు పదువ దగ్గరే ఆగకుండా పదువు, పదుపు అన్న రూపాలను కూడా చూడాలి. అయితే ఆధారం ‘తరువోజలో’ అని పాఠాన్ని చూపించింది. ‘పదువు’ అయి ఉంటే విభక్తి చేరినప్పుడు ‘పదువుతో’ అనే ఉండేది. అక్కడ ఉన్నది ‘పదువతో’. ‘తో’ తీసేస్తే మిగిలేది పదువ. కూర్చినవారు నిఘంటువు నుంచి కాక పద్యం నుంచి మాట తీసుకున్నారన్నదానికి ఇదే గుర్తు.

కందుకూరు ఇదే పద్యంలో చివరి పాదంలో ఉంది: ‘కందుకూర్బెజవాడ గావించె మెచ్చి’. కందుకూరిని బెజవాడ అంతటిదిగా చేశాడని అర్థం చెబుతారు. ఒకే పద్యం నుంచి రెండు మాటలు ఒకే గళ్ళలోకి రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

కావలి సభ్యురాలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మావారు పదవి వదులుకున్నారు. అయితే ఆయన ఇప్పుడు మరో వాదం ఎత్తుకున్నారు. దినపత్రిక చదివే మామూలు పాఠకుడికి వెయ్యేళ్ళ నాటి శాసనంలో మాట ఇవ్వడం న్యాయమేనా అని అడుగుతున్నారు.

ఒంగోలు సభ్యుడు:

శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలూ ఆరుద్ర గళ్ళనుడికట్లూ కూర్చిన నాటి నుంచి ఉన్న ప్రశ్నే ఇది. పాత మాట ఇవ్వడం తప్పు కాదని నా అభిప్రాయం. అయితే అలాంటి మాటను అడ్డంగా కోసే మాటలు పాఠకుడికి బాగా తెలిసినవై ఉండాలి. రెండు అరుదైన మాటలు ఒకదాన్నొకటి కోసుకుంటే ఆ గడి ఊహకే మిగులుతుంది, అది కూర్చినవారి లోపం. ఇక్కడ మూడో గడిని కావలితో కట్టారు గనుక ఆ పక్క నేను తప్పు పట్టలేను. మధ్య గడిని మాత్రం ఒంటరిగా వదిలేశారు. ‘దు’ అన్న అక్షరం శాసనం చదివినవారికి తప్ప మరొకరికి దొరికే దారి లేదు. కందుకూరు ఎలాగూ అదే గళ్ళలో ఉంది కదా, దాని రెండో అక్షరం ‘దు’యే, ఆ మాటను పదువ మధ్య గడి మీదుగా నడిపించి ఉంటే మీవారికి ఈ ఫిర్యాదు చేసే అవకాశం ఉండేది కాదు.