లాంజో బాల్ ప్రభావాన్ని ఎలా లెక్కగట్టాలి?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌ను నిశితంగా గమనించేవారికి ఒక ప్రశ్న. 2015-16లో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టు 15 గెలిచి 17 ఓడింది. మరుసటి ఏడాది, మొదటి సంవత్సరం విద్యార్థి లాంజో బాల్ పాయింట్ గార్డ్‌గా (బంతిని నడిపిస్తూ జట్టు దాడిని నిర్దేశించే ఆటగాడిగా) వచ్చాక 31 గెలుపులు, 5 ఓటములు! మ్యాచ్‌కు సగటున 7.6 అసిస్టులతో (సహచరుడు పాయింట్లు చేయడానికి దారితీసిన పాస్‌లతో) దేశంలో మొదటి స్థానమూ అతనిదే.

ఘనతంతా అతని ఖాతాలోనే వేయవచ్చా అన్నది నా సందేహం. టి.జె. లీఫ్ కూడా అదే ఏడాది చేరి బాగా ఆడాడు. అంతకుముందు బంతి నడిపే భారం మోసిన బ్రైస్ ఆల్ఫోర్డ్‌కు షూటింగ్ మీదే దృష్టి పెట్టే వెసులుబాటు దొరికింది. ఇది లాంజో చేసిన మేలే గానీ అసిస్టుల పట్టికలో కనిపించదు.

2017-18లో ఓక్లహోమా విశ్వవిద్యాలయ ఆటగాడు ట్రే యంగ్ సంగతి చూడండి. అతనూ మొదటి సంవత్సరం వాడే. పాయింట్లలోనూ అసిస్టుల్లోనూ దేశంలో మొదటివాడు, అయినా జట్టు 18 గెలుపుల దగ్గరే ఆగిపోయింది.

ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు, లేనప్పుడు జట్టు స్కోరులో తేడా చూడమంటారు. కానీ 40 నిమిషాల ఆటలో లాంజో దాదాపు 35 నిమిషాలు ఆడేవాడు. మిగిలిన ఆ కాస్త సమయాన్ని నమ్మి తీర్పు చెప్పవచ్చా? ఇంతకన్నా మంచి పద్ధతి ఉంటే వివరించగలరా?