అప్‌డేట్: కిమ్ స్కాట్‌తో మొదలుపెట్టేశాను

ఆస్ట్రేలియా రచయిత కిమ్ స్కాట్‌ని ఏ నవలతో మొదలుపెట్టాలని అడిగాను కదా. ఎక్కువమంది 'దట్ డెడ్‌మ్యాన్ డాన్స్' అన్నారు. నేను మొండిగా 'బెనాంగ్' పట్టుకున్నాను. నూంగార్ (నైరుతి ఆస్ట్రేలియా ఆదివాసులు) రక్తమున్న మనవణ్ణి తెల్లవాడిగా మార్చాలని తాత పంతం. ఆ కుర్రాడేమో బరువే లేనట్టు గాల్లోకి తేలిపోతుంటాడు! మధ్యమధ్యలో నాటి అధికారుల రాతలు. వాటి మర్యాద చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

స్కాట్ 1957లో పెర్త్‌లో పుట్టిన నూంగార్. బడిపంతులుగా చేసి, తర్వాత కర్టిన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 2000లో ఆస్ట్రేలియా పెద్ద సాహిత్య బహుమతి మైల్స్ ఫ్రాంక్లిన్ అవార్డును మరో రచయిత్రి థియా ఆస్ట్లీతో పంచుకున్నారు. ఆదివాసీ రచయితకు అది రావడం అదే మొదలు. 2011లో మళ్ళీ వచ్చింది, మీరు చెప్పిన నవలకే. అవార్డుల కన్నా నాకు నచ్చింది విర్లోమిన్ ప్రాజెక్టు: పెద్దల నూంగార్ కథలను ముందు వాళ్ళ వాళ్ళకే చేర్చి, తర్వాత బొమ్మల పుస్తకాలుగా తేవడం. ఇక మీరు చెప్పిందే చదవబోతున్నాను.