కాల్ వస్తే డేటా లేచి చోటివ్వాలా?

పాతటవర్:
2జీ సెల్‌లో (టవర్ పరిధిలో) ఒకే క్యారియర్, అంటే ఒకే రేడియో ఫ్రీక్వెన్సీ ఉంటే 8 టైమ్‌స్లాట్లు, మామూలుగా స్లాట్‌కో కాల్. ఒకటి సిగ్నలింగ్‌కి (కాల్ కలపడానికి ఫోన్, టవర్ మాట్లాడుకోడానికి) పోగా మిగిలేవి 7. వాటిలో కొన్ని డేటాకే రాసిచ్చేయాలని ఇక్కడ కొందరి వాదన. ఏదీ రాసివ్వొద్దంటాను. స్లాట్ ఖాళీగా ఉన్నంతసేపు డేటా వాడుకోవాలి, కాల్ రాగానే వదిలేయాలి.

మీటర్‌రీడర్:
ఒక్కటైనా రిజర్వ్ ఉండాలి. జీపీఆర్‌ఎస్ (2జీ డేటా) మీద నడిచే కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం నాది. సాయంత్రం కాల్స్ పెరిగితే ఒక్క రీడింగూ రాదు. ఫోన్ల సందడి తగ్గాకే కదులుతాయి. తిట్లు నాకు.

పాతటవర్:
ఎర్లాంగ్ బి (ఎన్ని ఛానెళ్లుంటే ఎన్ని కాల్స్ దొరక్కుండా పోతాయో చెప్పే సూత్రం) లెక్క వేసి చూడండి. ఒక ఎర్లాంగ్ అంటే ఒక ఛానెల్‌ని గంటంతా నింపే కాల్స్. 2 శాతం బ్లాకింగ్‌కి, అంటే వందలో రెండు కాల్స్ దొరక్కపోయినా పర్లేదనుకుంటే, 7 ఛానెళ్లు (స్లాట్లే) 2.94 ఎర్లాంగ్‌లు మోస్తాయి. 5 అయితే 1.66. రెండు స్లాట్లు తీస్తే దాదాపు 44 శాతం పోయినట్టే.

మీటర్‌రీడర్:
నేనడిగింది ఒకటి. రెండని ఎవరన్నారు?

పాతటవర్:
6కి 2.28. అదీ అయిదో వంతు కన్నా ఎక్కువ నష్టమే.

ఊరికేచూస్తున్నా:
హాఫ్‌రేట్ పెట్టండి, ఒక స్లాట్‌లో రెండు కాల్స్. గొడవ తీరిపోతుంది.

పాతటవర్:
గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే కంప్లయింట్లు ఎవరు వింటారు?

ప్యాకెట్‌ప్రియ:
4జీలో వాయిస్ కూడా ప్యాకెట్లేగా, ఇంకా స్లాట్ల గోలేంటి?

మీటర్‌రీడర్:
అక్కడ మాత్రం? వోల్టే (4జీ వాయిస్) ప్యాకెట్‌కి 100 మిల్లీసెకన్ల గడువు, మామూలు డేటాకి 300. ముందు ఎవరో అక్కడా రాసిపెట్టే ఉంది. కాకపోతే షెడ్యూలర్ మిల్లీసెకనుకోసారి మళ్ళీ పంచుతుంది. ఎవరూ గంటల తరబడి పస్తుండరు.

పాతటవర్:
రీడింగ్ రేపొస్తే ఎవరి ప్రాణమూ పోదు. మాట్లాడుతున్న కాల్ పక్క సెల్ నుంచి వస్తే, ఇక్కడ స్లాట్ లేక తెగిపోవాలా?

మీటర్‌రీడర్:
దొరకని కాల్‌కి మీ రిపోర్టులో ఒక గడి ఉంది. ఆగిన డేటాకి ఉందా?

పాతటవర్:
లేదు. బ్లాకింగ్ 2 శాతం దాటిన ప్రతిసారీ మీటింగ్‌లో నిలబెట్టింది నన్నే. డేటా ఎందుకు ఆగిందని ఏడేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

మీటర్‌రీడర్:
అంటే ఇన్నాళ్ళూ మీరు కాపాడుకున్నది కాల్స్‌ని కాదు, ఆ గడిని.

పాతటవర్:
మీరు నిలబడలేదు కాబట్టి మాట్లాడుతున్నారు. సరే, ఒక స్లాట్ ఇస్తా. పక్క సెల్ నుంచి హ్యాండోవర్ కాల్ వస్తే మాత్రం అదీ వదలాలి.

మీటర్‌రీడర్:
అది ఇచ్చినట్టెలా అవుతుంది?

ప్యాకెట్‌ప్రియ:
మళ్ళీ మొదలు.