మరువకపత్రం: మరువమా, దవనమా?

ప్రొద్దుటూరు: చవితి పూజలో "ఫాలచంద్రాయ నమః, మరువకపత్రం పూజయామి" అని వస్తుంది కదా. మా ఇంట్లోని పాత వ్రతకల్పంలో దాని పక్కన "ధవనము" అని అచ్చయింది. మొదటి పత్రి మాచిపత్రి. అదీ దవనమూ రెండూ ఆర్టెమీసియా అనే ఒకే ప్రజాతి మొక్కలే. ఆ రెండింటినీ పెట్టి మరువాన్ని వదిలేస్తారా?

ఆదోని: ముందు ఆ ఒత్తు తీసెయ్యండి అన్నా. సంస్కృతంలో దమనం. మకారం వకారమైంది, అంతే. కన్నడంలోనూ దవనే. మా పూలంగట్లో ఒత్తి పలికేవాళ్లు ఒక్కరూ లేరు.

అనంతపురం: నోటిమాటతో ఒత్తు తేలదక్కా. భోజనాన్ని బోజనం అనేవాళ్లు ఎంతమంది లేరు? ధవళం వల్ల వచ్చిందని నా అనుమానం. దవనం ఆకు తెల్లగా ఉంటుందిగా.

ఆదోని: తెలుపే లెక్కయితే మాచిపత్రికీ ఒత్తు పెట్టాలి తమ్ముడూ. ఆకు తిరగేసి చూడు: పైన ముదురు పచ్చ, అడుగున తెల్లటి నూగు. దవనం ఆకు రెండువైపులా బూడిదరంగే, దారాల్లా సన్నగా చీలి ఉంటుంది. మాచిపత్రి మనిషెత్తు పెరుగుతుంది, వేళ్ల నుంచి పిలకలేసి ఏళ్ల తరబడి ఉంటుంది. దవనం మోకాలెత్తు, నాలుగు నెలల పంట.

కడప: పంట మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. దవనం చలికాలంలో నాటి, ఎండలు ముదరకముందే కోసేది. దేవుడికి దవనంతో చేసే దమనోత్సవం చైత్రంలో వచ్చేది అందుకే. భాద్రపదంలో తాజా దవనం ఎక్కడిది? పైగా సంస్కృత నిఘంటువు అమరకోశంలో మరువం పేర్లు చెబుతూ "సమీరణో మరుబకః ప్రస్థపుష్పః ఫణిజ్జకః" అని ఉంది. దమనం ఊసే లేదు. మరువమే, సందేహం లేదు.

అనంతపురం: అదే వరుసలో జంబీరం కూడా ఉంది సార్. జంబీరమంటే నిమ్మ కూడా కదా. ఆ పేర్లతో మొక్కను ఎలా తేలుస్తారు?

కడప: కాడ పట్టుకుని చూడు నాయనా. మరువానిది పలకల కాడ, తులసి కుటుంబం. దవనం, మాచిపత్రి చామంతి కుటుంబం.

ప్రొద్దుటూరు: కదంబంలో మరువం, దవనం కలిపే కడతారు, అందుకే కలగలిసిపోయాయేమో. "చూడ చూడ రుచుల జాడ వేరు" అని వేమన ఊరికే అనలేదు.

అనంతపురం: మా కటారుపల్లె వేమన! అక్కడ "రుచి" అంటే కాంతి అని నా వాదం. లేకపోతే "చూడ చూడ" అని ఎందుకంటాడు?

కడప: మీ దగ్గరున్నది సమాధి. పుట్టింది గండికోట వైపని అనేవాళ్లూ ఉన్నారు. ఇక కాంతి అంటావా, ఉప్పూ కప్పురమూ ఒక్క పోలికనే ఉంటాయని ముందు పాదంలోనే చెప్పాక కంటికి తేడా ఎలా కనిపిస్తుంది? అది రుచి చూడటమే.

ఆదోని: కర్పూరం నాలుక మీద పెట్టుకుంటారా సార్?

కడప: పచ్చకర్పూరం తీర్థంలోనే వేస్తారు తల్లీ.

అనంతపురం: వేమన పచ్చకర్పూరం అనలేదు. కప్పురం అన్నాడు.