నూనె పూర్తిగా మానేసినా ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని కొవ్వు) పెరిగాయి. ఫ్యాటీ లివర్‌కి శాకాహారం ఎలా ఉండాలి?

కొబ్బరాకు:
మా అన్నయ్యకి 46 ఏళ్లు. ఎత్తు 168 సెం.మీ., బరువు 82 కిలోలు. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. లివర్ ఎంజైములు ఏఎల్‌టీ 72, ఏఎస్‌టీ 48, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1. మందు అలవాటు లేదు. ఆరు వారాలుగా నూనె, నెయ్యి, పాలు, పెరుగు, పల్లీలు అన్నీ బంద్. పొద్దున ఇడ్లీ లేదా అటుకులు, రెండు పూటలా అన్నం, చారు, ఉడికించిన కూర, సాయంత్రం బత్తాయి జ్యూస్. ట్రైగ్లిజరైడ్స్ 190 ఉండేవి 248కి పోయాయి. బరువు కిలో కూడా తగ్గలేదు, 11 గంటలకల్లా ఆకలి. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పగలరా?

అరచెంచా:
కొవ్వు తీసేశారు సరే, ఆ ఖాళీలోకి ఏమొచ్చిందో చూడండి. అన్నం, అటుకులు, జ్యూస్. ఫ్యాటీ లివర్‌లో పేరుకునే కొవ్వులో సగానికి పైగా ఒంట్లో నిల్వ ఉన్నదే రక్తం ద్వారా వచ్చి లివర్‌లో చేరుతుంది. ఇంచుమించు నాలుగో వంతు లివర్ తనే పిండిపదార్థాల నుంచి, చక్కెర నుంచి తయారు చేసుకుంటుంది. తిన్న కొవ్వు నేరుగా చేరేది ఏడో వంతే. అందుకే నూనె సున్నా చేసి అన్నం పెంచితే ట్రైగ్లిజరైడ్స్ పెరగడం మామూలే. జ్యూస్ ఇవాళే ఆపండి. గ్లాసుకి మూడు నాలుగు కాయల చక్కెర దిగుతుంది, పీచు పిప్పిలో పోతుంది. బెల్లం, తేనె కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

రోజుకి సుమారు 1,600 క్యాలరీలు, 35 గ్రాముల కొవ్వు, 80 గ్రాముల ప్రొటీన్ దగ్గర పెట్టుకోండి. కొలతలన్నీ పచ్చివి, ఉడికించక ముందువి. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, అట్టుకి అర టీస్పూను నూనె. అల్లప్పచ్చట్లో బెల్లం ఉంటుంది కాబట్టి టమాటా పుదీనా పచ్చడి మేలు. మధ్యలో ఒక జామకాయ. మధ్యాహ్నం 75 గ్రాముల ముడి బియ్యం, 50 గ్రాముల కందిపప్పుతో గట్టి ఆకుకూర పప్పు (చారు కాదు, చారులో పప్పెంత?), పావుకిలో కూర. సాయంత్రం 40 గ్రాముల శనగలు ఉడకబెట్టి, 15 గ్రాముల పల్లీలు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, 40 గ్రాముల మీల్ మేకర్ కూర. ఒక గ్లాసు చక్కెర లేని సోయా పాలు, అందులో చెంచాడు అవిసె పొడి. అవిసెలు గింజలుగా మింగితే అలాగే బయటికి పోతాయి, పొడి కొట్టాలి.

లక్ష్యం: 7 శాతం, అంటే 6 కిలోలు. వారానికి అరకిలో చాలు. కొవ్వు మరీ సున్నాకి తెచ్చి గబగబా బరువు తగ్గితే పిత్తాశయం సరిగా ఖాళీ కాక రాళ్లు పడతాయి.

మట్టిమూకుడు:
నూనె సంగతి నేను చెప్తాను. ముందు ఇంటి లెక్క తీయండి. నలుగురున్న ఇంట్లో నెలకి 4 లీటర్లు ఖర్చయితే మనిషికి లీటరు, అంటే రోజుకి 30 గ్రాముల కొవ్వు నూనెలోంచే. మీ అన్నయ్యగారికి రోజుకి 3 టీస్పూన్లు, 15 మి.లీ. చాలు. నెలకి 450 మి.లీ. అది విడిగా చిన్న సీసాలో పోసి పెట్టండి. 20వ తారీఖుకే అయిపోయిందంటే చెంచా పక్కనపెట్టి వంచేస్తున్నారన్నమాట.

వంకాయ, దొండకాయ మూకుట్లో నూనెలో వేస్తే పీల్చేసుకుంటాయి, అడుగంటుతోందని మళ్లీ పోస్తాం. వంకాయ ముక్కలు 6–8 నిమిషాలు ఆవిరి మీద మగ్గించి, ఒక టీస్పూను నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేయించి చివర్న కలపండి. వాసన పైనే ఉంటుంది, తక్కువ నూనెకే నోటికి తెలుస్తుంది. పూర్తిగా పొడి మూకుట్లో తాలింపు పెట్టొద్దు. ఆవాలు చిటపటలాడతాయి గానీ ఇంగువ మాడి చేదెక్కుతుంది. ఉల్లిపాయలకి చిటికెడు ఉప్పేసి మూత పెట్టి, అంటుకున్నప్పుడల్లా చెంచాడు నీళ్లు చిలకరించండి. మీల్ మేకర్ వేడినీళ్లలో 10 నిమిషాలు నానాక రెండుసార్లు నీళ్లు మార్చి గట్టిగా పిండాలి. లేకపోతే పచ్చివాసన పోదు, మసాలా పట్టదు.

ఇడ్లీలో నూనె లేదుగా అని పల్లీ చట్నీ గిన్నెడు లాగించేవాళ్లుంటారు. 50 గ్రాముల పల్లీల్లో దాదాపు 25 గ్రాముల కొవ్వు. బేకరీ పఫ్, ఖారీ కూడా శాకాహారమే మరి!

లెక్కలమాస్టారు:
గ్రేడ్ 2 అంటే కొవ్వు ఎంతుందో చెప్తుంది, లివర్ గట్టిపడిందో లేదో చెప్పదు. దానికి ఫిబ్-4 లెక్క ఉంది. వయసుని ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్లని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించి, వచ్చినదాంతో మొదటిదాన్ని భాగించాలి. ప్లేట్‌లెట్లు లక్షల్లో వేయకూడదు, 2.4 లక్షలంటే 240. చాలామంది ఇక్కడే తప్పుతారు. మీరిచ్చిన అంకెలకి 1.08 వస్తోంది. 1.3 లోపు కాబట్టి ప్రస్తుతానికి ప్రమాదం తక్కువ. దాటితే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కానింగ్) అడగండి.

కొబ్బరాకు:
చాలా థాంక్సండీ. పెరుగు లేకపోతే ఆయనకి ముద్ద దిగడం లేదు. పక్కింటావిడ తిప్పతీగ రసం, పసుపు క్యాప్సూల్స్ మంచివంటున్నారు. వాడొచ్చా?

పెసరగింజ:
లివర్ కోసమే అయితే పెరుగు మానక్కర్లేదు, వెన్న తీసిన పాలతో తోడుపెట్టిన కప్పు పెరుగు సరిపోతుంది. పూర్తిగా మొక్కల ఆహారమే అనుకుంటే సోయా పెరుగు. గోరువెచ్చటి సోయా పాలల్లో నాలుగైదు పచ్చిమిర్చి తొడిమలు వేసి 8–10 గంటలు ఉంచండి. మొదటిసారి పల్చగా వస్తుంది, దాన్నే తోడుగా వేస్తే రెండోసారి గడ్డకడుతుంది. డబ్బా మీద 100 మి.లీ.కి 3 గ్రాముల ప్రొటీన్ ఉందో లేదో చూడండి, బాదం పాలల్లో అది నామమాత్రం.

పాలు పూర్తిగా మానితే బీ12 మాత్ర తప్పనిసరి. స్పైరులినా (నాచు పొడి)లో ఉన్న రకం మన ఒంటికి పనికిరాదు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే ఇంకా తగ్గుతుంది, ముందు రక్తపరీక్ష చేయించి మోతాదు డాక్టరుగారినే అడగండి.

తిప్పతీగ వద్దండీ. దానివల్ల లివర్ వాచిన కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ కూడా అంతే. కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు. ఏదో ఒకటి తాగాలనుంటే చక్కెర లేని బ్లాక్ కాఫీ రెండు కప్పులు తాగనివ్వండి.

చింతచిగురు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అత్తగారికి సిర్రోసిస్ (లివర్ గట్టిపడి దెబ్బతింది), పొట్టలో నీరు చేరుతోంది. ఈ పద్ధతే ఆవిడకీ పెట్టొచ్చా?

అరచెంచా:
పెట్టకండి. ఆవిడకి కావాల్సింది బరువు తగ్గడం కాదు, కండ నిలబడటం. ప్రొటీన్ కిలోకి 1.2–1.5 గ్రాములు ఉండాలి. పప్పు మానిపించడం పాత పద్ధతి. నీరు కలిపిన బరువుతో లెక్కేయకండి, డైటీషియన్ చేత నీరు లేని బరువు కట్టించండి. రాత్రి భోజనమయ్యాక పడుకోబోయే ముందు మళ్లీ కొంచెం తినాలి, రొట్టె ముక్కో, సెనగపిండి అట్టో. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్లు కండని కరిగించుకుంటుంది. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీస్పూను లోపు, అంటే ఆవకాయ, అప్పడాలు, వడియాలు లేనట్టే. ఉప్పుకి బదులని అమ్మే పొటాషియం ఉప్పు, కొబ్బరినీళ్లు మాత్రం డాక్టరుగారిని అడగకుండా ఇవ్వొద్దు. నీరు తగ్గడానికి ఆవిడ స్పైరోనోలాక్టోన్ వేసుకుంటూ ఉంటే దానివల్ల పొటాషియం ఇప్పటికే పైన ఉండొచ్చు.